పేజ్‌మేకర్ ఒక పక్క, ప్రూఫ్ ఒక పక్క: తెర నిండా ఉన్న విండోలను సర్దడం ఎలా?

అక్షరాలషాపు:

నమస్కారమండీ. డీటీపీ పని. విండోస్ 11, మానిటర్ ఒకటే (1920×1080), డిస్‌ప్లే స్కేలింగ్ (తెర మీద అక్షరాలు, బొమ్మల పెంపు) 125 శాతం. పేజ్‌మేకర్ 7లో (పేజీలు అమర్చే ప్రోగ్రాం) అను తెలుగు ఫాంట్లతో పేజీ కడుతూ ఉంటే, కస్టమర్ పంపిన చేతిరాత కాగితం ఫొటో పక్కనే కనబడాలి. అది ఒక్కోసారి వాట్సాప్ వెబ్‌లో ఉంటుంది, ఒక్కోసారి పీడీఎఫ్‌గా వస్తుంది. ప్రతి లైనుకీ ఆల్ట్+ట్యాబ్ కొట్టి అటూ ఇటూ మారుతుంటే మధ్యలో లైన్లు ఎగిరిపోతున్నాయి, ప్రూఫులో తప్పులు వస్తున్నాయి.

చిక్కులు ఇవీ:

ఒకటి, పీడీఎఫ్ విండో మ్యాక్సిమైజ్ అయి ఉంటుంది. మధ్య బటన్ నొక్కితే చిన్నదవ్వాలి కదా, గుర్తు మారుతుంది గానీ విండో దాదాపు అంతే ఉంటుంది. అంచు పట్టుకుని లాగుదామంటే అంచే దొరకదు.

రెండు, విండోస్ కీ+ఎడమ బాణం కొడితే సరిగ్గా సగం అవుతుంది. నాకు పేజ్‌మేకర్‌కి మూడింట రెండొంతులు, ప్రూఫ్‌కి ఒక వంతు చాలు.

మూడు, పేజ్‌మేకర్‌ని కుదిస్తే లోపల పేజీ ఎక్కడికో పోతుంది, టూల్‌బాక్సు మాత్రం పక్క విండో మీద తేలుతుంది.

నాలుగు, ఇంత సర్దినా మర్నాడు మళ్ళీ అన్నీ తెర నిండా తెరుచుకుంటాయి.

రెండో మానిటర్ కొనమని చెప్పకండి, టేబుల్ మీద చోటు లేదు.

---

కిటికీమేస్త్రి:

మీ మొదటి చిక్కు విడిపోతే మిగతావాటిలో సగం వాటంతటవే సర్దుకుంటాయి. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

విండోస్ ప్రతి విండోకీ రెండు సంగతులు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఇప్పుడు ఏ స్థితిలో ఉంది (తెర నిండా, మామూలుగా, లేక విండోస్ కీ+బాణం కొట్టినప్పటిలా పక్కకి అతికించి, అంటే స్నాప్ చేసి) అన్నది ఒకటి. మామూలు స్థితిలో ఉంటే దాని చోటు, కొలత ఎంత అన్నది రెండోది. మ్యాక్సిమైజ్ చేసినా, పక్కకి అతికించినా ఈ రెండో కొలత మారదు, వెనక భద్రంగా ఉంటుంది. రీస్టోర్ బటన్ (మీరన్న మధ్య బటన్) నొక్కినప్పుడు విండో ఆ కొలతకే వెళ్తుంది. ఎప్పుడో ఎవరో ఆ విండోని చేత్తో లాగి తెరంత చేసి ఉంటే, లేదా అంతకంటే పెద్ద మానిటర్ మీద వాడి ఉంటే, దాచిన కొలతే తెరంత ఉంటుంది. అప్పుడు రీస్టోర్ పనిచేసినా కంటికి తేడా తెలియదు. మీకు జరుగుతున్నది అదే.

అంచు దొరకకపోవడానికీ కారణం ఉంది. విండోస్ 10 నుంచి విండో చుట్టూ కంటికి కనబడని పట్టు ఒకటి ఉంటుంది. 100 శాతం స్కేలింగ్‌లో అది సుమారు 7 పిక్సెళ్ళు, కనబడే గీతకి బయటి వైపు. మౌస్‌తో మనం పట్టుకునేది దాన్నే. విండో తెర అంచుకి ఆనుకుని ఉంటే ఆ పట్టు దాదాపుగా తెర అవతల పడిపోతుంది. ఇక మౌస్ ఎంత వెతికినా రెండు మొనల బాణం గుర్తు రాదు.

కీబోర్డుతో ఇలా చేయండి:

1. ఆ విండో మీద ఒకసారి క్లిక్ చేసి ఆల్ట్+స్పేస్ కొట్టండి. టైటిల్ బార్ ఎడమ మూల చిన్న మెనూ తెరుచుకుంటుంది.
2. ముందు ఆర్ (రీస్టోర్). విండో మ్యాక్సిమైజ్ అయి ఉండగా మెనూలో సైజ్ అన్న వరస మసగ్గా ఉంటుంది, పనిచేయదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.
3. మళ్ళీ ఆల్ట్+స్పేస్, తర్వాత ఎస్ (సైజ్).
4. ఇప్పుడు ఎడమ బాణం ఒక్కసారి. అంటే ఎడమ అంచుని ఎంచుకున్నట్టు. తర్వాత కుడి బాణం నొక్కుతూ పోతే ఆ అంచు లోపలికి వస్తుంది. ఎంటర్ కొడితే ఖాయం, ఎస్కేప్ కొడితే మొదటికి.
5. ఎత్తు తగ్గించాలంటే అదే వరస: ఎస్, పై బాణం ఒక్కసారి, తర్వాత కింది బాణం.

విండో తెర దాటి కుడికీ కిందికీ పోయి ఉంటే, కనబడని కుడి అంచు జోలికి వెళ్ళొద్దు. కనబడే ఎడమ అంచు, పై అంచు నుంచే కుదించండి. ఒకసారి విండో తెరలో మూడొంతులకి వచ్చిందంటే తర్వాత మౌస్‌తో నాలుగు వైపులా లాగొచ్చు. మీ పనికి పీడీఎఫ్ విండోని సుమారు 700 పిక్సెళ్ళ వెడల్పుకి తెచ్చి వదిలేయండి. ఇక మీదట మ్యాక్సిమైజ్ చేసి రీస్టోర్ నొక్కినప్పుడల్లా ఆ కొలతకే వస్తుంది.

రెండోది, మూడింట రెండొంతుల సంగతి. సగం సగం తప్ప రాదనుకోవడం విండోస్ 7 నాటి అలవాటు. పేజ్‌మేకర్ మీద ఉండి విండోస్ కీ+జెడ్ కొట్టండి. లేదా మ్యాక్సిమైజ్ బటన్ మీద నొక్కకుండా మౌస్ ఆపి ఉంచండి. చిన్న చిన్న గళ్ళ బొమ్మలు వస్తాయి. ఒక గడి వెడల్పు, పక్క గడి సన్నం ఉన్న బొమ్మ చూసి అందులో వెడల్పు గడి నొక్కండి. రెండో గడిలో ఏ విండో పెట్టాలో విండోసే అడుగుతుంది, పీడీఎఫ్ చూపించండి.

ఇంకా కచ్చితంగా కావాలంటే రెండు విండోల మధ్య ఉమ్మడి అంచు మీద మౌస్ పెట్టండి. లావుపాటి గీత వస్తుంది. దాన్ని లాగితే ఒకటి పెరిగినంత మేర రెండోది తగ్గుతుంది. రెండూ అతికించిన స్థితిలో ఉంటేనే ఈ జత కదులుతుంది. ఒకదాన్ని టైటిల్ బార్ పట్టుకుని కాస్త కదిపినా జత తెగిపోతుంది, మళ్ళీ అతికించాలి.

విండోస్ కీ+జెడ్‌కి ఏమీ రాకపోతే సెట్టింగ్స్ → సిస్టమ్ → మల్టీటాస్కింగ్‌లో స్నాప్ విండోస్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. పక్కన ఏం పెట్టాలి అని ప్రతిసారీ అడగడం విసుగనిపిస్తే, దాని టిక్కు తీసేసే వీలూ అక్కడే ఉంది.

---

ఆల్ట్‌బాణం:

పై జవాబులో ఉన్నవన్నీ సరైనవే. రెండు మూడు చేరుస్తాను.

ఆల్ట్+స్పేస్ కొడితే మెనూ బదులు వెతుకులాట పెట్టె ఏదైనా తెరుచుకుంటే, వేరే ప్రోగ్రాం ఆ కీలను తీసేసుకుందని అర్థం. పవర్‌టాయ్స్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఉచిత పనిముట్ల గుంపు) లోని రన్ ఈ జతనే వాడుతుంది. ఈ మధ్య వచ్చిన కొన్ని ఏఐ సహాయకుల యాప్‌లూ అంతే. వాటి సెట్టింగుల్లో షార్ట్‌కట్ మార్చుకోండి. మార్చే ఓపిక లేకపోతే, షిఫ్ట్ పట్టుకుని టాస్క్‌బార్‌లోని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేయండి. రీస్టోర్, మూవ్, సైజ్ ఉన్న పాత మెనూ అక్కడ వస్తుంది.

సైజ్‌లో ఉన్నప్పుడు ఉత్త బాణం పెద్ద అంగలు వేస్తుంది. కంట్రోల్ పట్టుకుని బాణం నొక్కితే ఒక్కో పిక్సెల్ చొప్పున కదులుతుంది.

స్కేలింగ్ 125 శాతం అన్నారు. దాని ప్రభావం ఇక్కడ చాలా ఉంది. 1920ని 1.25తో భాగిస్తే 1536. విండోస్ లెక్కలో మీ తెర వెడల్పు అంతే. మూడు నిలువు గళ్ళ బొమ్మలు 1920, ఆ పైన వెడల్పున్న తెరలకే చూపిస్తుంది. అందుకే విండోస్ కీ+జెడ్‌లో మీకు నాలుగు బొమ్మలే వస్తాయి, 100 శాతానికి మారిస్తే ఆరు. ఎవరి వీడియోలోనో ఆరు చూసి మన సిస్టమ్ పాడైందనుకోవద్దు. మీకు కావలసిన పెద్ద–చిన్న జత ఆ నాలుగిట్లోనే ఉంది.

బాణాల వరస కూడా తెలిసుంటే మంచిది. తెర నిండా ఉన్న విండో మీద విండోస్ కీ+కింది బాణం ఒకసారి కొడితే రీస్టోర్, రెండోసారి కొడితే మినిమైజ్. ఎడమకి అతికించి ఉన్నప్పుడు అదే కొడితే ఎడమ కింది పావుకి వెళ్తుంది. విండోస్ 11లో విండోస్ కీ+ఆల్ట్+పై బాణం పై సగానికి, విండోస్ కీ+ఆల్ట్+కింది బాణం కింది సగానికి. చేతిరాత కాగితం అడ్డంగా ఉంటే పైనా కిందా పెట్టుకోవడమే నయం, లైను మొత్తం కనబడుతుంది.

---

అక్షరాలషాపు:

మేస్త్రి గారూ, ఆల్ట్‌బాణం గారూ, చాలా థాంక్సండీ. పీడీఎఫ్ దారికొచ్చింది. ఎడమ బాణం ఒక్కసారి నొక్కి తర్వాత కుడి బాణం అన్న కిటుకు బాగుంది.

కానీ వాట్సాప్ వెబ్ పెట్టినప్పుడు మధ్య గీత ఒక చోటకి వచ్చాక ఇక జరగట్లేదు. తెరలో మూడో వంతు కంటే కాస్త తక్కువకి తెద్దామంటే మొరాయిస్తోంది. పేజ్‌మేకర్ లోపలి పేజీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

---

కిటికీమేస్త్రి:

గీత ఆగిపోవడం క్రోమ్ వల్ల. ప్రతి ప్రోగ్రాం ఇంతకంటే సన్నబడను అని ఒక కనీస వెడల్పు పెట్టుకుంటుంది. క్రోమ్‌కి అది సుమారు 500. మీ 125 శాతం స్కేలింగ్‌లో అది తెర మీద 625 పిక్సెళ్ళ దాకా అవుతుంది. 1920లో 35 శాతం అంటే 672, సరిపోతుంది. 30 శాతం అంటే 576, ఒప్పుకోదు. దీన్ని దాటాలంటే స్కేలింగ్ 100కి దించడమే దారి. అక్షరాలు చిన్నవై కళ్ళు లాగుతాయి కాబట్టి నేనైతే 35 దగ్గరే ఆపుతాను.

ఆ వెడల్పులో వాట్సాప్ వెబ్ ఇరుకవుతుంది, ఎడమ పక్క పేర్ల జాబితాయే చాలా చోటు మింగేస్తుంది. కంట్రోల్+మైనస్ కొట్టి పేజీని 80 శాతానికి తగ్గించండి. ఇంకా మంచి పద్ధతి: ఫొటోని డౌన్‌లోడ్ చేసి విండోస్ ఫొటోస్‌లో తెరవండి, దాన్ని అతికించండి. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే చేతిరాత కావలసినంత పెద్దదవుతుంది, పేర్ల జాబితా గొడవ ఉండదు.

ఇక పేజ్‌మేకర్. అది పాతకాలపు కట్టడం: పెద్ద విండో ఒకటి, దాని లోపల ప్రతి పబ్లికేషన్‌కీ (తెరిచిన ప్రతి పేజ్‌మేకర్ ఫైలుకీ) చిన్న విండో. లోపలి దానికీ సొంతంగా మినిమైజ్, రీస్టోర్, క్లోజ్ బటన్లు ఉంటాయి. లోపలిది మ్యాక్సిమైజ్ అయి ఉంటే అవి మెనూ బార్ కుడి చివర, అసలు బటన్లకి కాస్త కింద కనబడతాయి. మీరు రీస్టోర్ అనుకుని నొక్కింది ఆ కింది వరసలోదే అయుంటుంది. అప్పుడు లోపలి విండో తన పాత కొలతకి వెళ్ళి తేలుతుంది. బయటి విండోని కుదించగానే అది కుడి పక్క తెగి కనబడకుండా పోతుంది.

కాబట్టి వరస ఇది. లోపలి విండోని ఎప్పుడూ మ్యాక్సిమైజ్‌లోనే ఉంచండి. బయటి విండోని మాత్రం అతికించండి, మధ్య గీత లాగండి. ఆ తర్వాత కంట్రోల్+0 కొడితే పేజీ మొత్తం కొత్త వెడల్పుకి సరిపడేలా కూర్చుంటుంది. దిద్దేటప్పుడు కంట్రోల్+1 కొడితే అసలు సైజు. లోపలి విండో ఇప్పటికే తప్పిపోయి ఉంటే విండో మెనూలో టైల్ కొట్టండి, తెరిచిన పబ్లికేషన్లన్నీ కనబడే చోటులోకి వచ్చేస్తాయి. అప్పుడు కావలసినదాన్ని మ్యాక్సిమైజ్ చేయండి.

టూల్‌బాక్సు, కంట్రోల్ పాలెట్ విడివిడి తేలుడు విండోలు. బయటి విండో కదిలినా అవి ఉన్నచోటే ఉంటాయి. ఒకసారి చేత్తో పట్టుకుని పేజ్‌మేకర్ హద్దులోకి తెచ్చుకోవాలి. వాడని పాలెట్లు విండో మెనూలోంచే దాచేయండి. ఇంతకుమించి ఉపాయం లేదు.

---

జోన్‌రాజు:

నాలుగో చిక్కు, మర్నాడు మళ్ళీ తెర నిండా తెరుచుకోవడం గురించి.

ముందు షార్ట్‌కట్ చూడండి. డెస్క్‌టాప్ మీది పేజ్‌మేకర్ ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షార్ట్‌కట్ ట్యాబ్‌లో రన్ అన్న చోట మ్యాక్సిమైజ్డ్ అని ఉంటే నార్మల్ విండో అని మార్చండి. ప్రోగ్రాం ఈ మాట వినాలన్న నియమం లేదు. క్రోమ్ లాంటివి షార్ట్‌కట్‌ని లెక్కచేయకుండా, చివరగా మూసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే తెరుచుకుంటాయి. వాటికి మందు ఒకటే: చివరి విండోని మూసే ముందు రీస్టోర్ చేసి, కావలసిన కొలతలో పెట్టి, అప్పుడు మూయండి. అక్రోబాట్ రీడర్ ఫైళ్ళన్నిటినీ ఒకే విండోలో ట్యాబులుగా తెరుస్తుంది. రెండు ప్రూఫులు పక్కపక్కన కావాలంటే ఒక ట్యాబుని పట్టుకుని బయటికి లాగండి, విడి విండో అవుతుంది.

రోజూ అదే అమరిక కావాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పవర్‌టాయ్స్ వేసుకోండి, ఉచితం. అందులో మీకు పనికొచ్చేవి రెండు.

ఫ్యాన్సీజోన్స్: విండోస్ కీ+షిఫ్ట్+(ఎస్కేప్ కింద, 1 అంకెకి ఎడమ పక్కనుండే కీ) కొడితే ఎడిటర్ వస్తుంది. కొత్త గ్రిడ్ లేఅవుట్ పెట్టి నిలువు గీతని 65 శాతం దగ్గర ఉంచండి. గళ్ళ చుట్టూ ఖాళీ మామూలుగా 16 పిక్సెళ్ళు ఉంటుంది, చిన్న తెర మీద అది వృథా, సున్నా చేయండి. తర్వాత ఏ విండోనైనా టైటిల్ బార్ పట్టి లాగుతూ షిఫ్ట్ నొక్కితే గళ్ళు కనబడతాయి, కావలసిన దాంట్లో వదలండి. తెర నిండా ఉన్న విండోనీ అలాగే లాగొచ్చు, ముందు రీస్టోర్ నొక్కే పని లేదు. కొత్తగా తెరిచిన విండో చివరగా ఉన్న గడిలోకే వెళ్ళాలన్న ఆప్షన్ సెట్టింగుల్లో ఉంది, దానికి టిక్కు పెట్టండి.

వర్క్‌స్పేసెస్: ఇది 2024లో చేరింది. పేజ్‌మేకర్, బ్రౌజర్ రెండూ మీకు కావలసినట్టు సర్ది, వర్క్‌స్పేసెస్‌లో క్యాప్చర్ కొట్టండి. డెస్క్‌టాప్ మీద ఒక షార్ట్‌కట్ చేయించుకోవచ్చు. పొద్దున దాన్ని డబుల్ క్లిక్ చేస్తే రెండు ప్రోగ్రాములూ తెరుచుకుని తమ తమ చోట్లకి వెళ్తాయి.

ఒక్క జాగ్రత్త. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచే అలవాటు బాగా ఉంది. అలా తెరిచిన విండోని మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రాం కదపలేదు, విండోస్ భద్రత అడ్డుపడుతుంది. ఫ్యాన్సీజోన్స్ క్రోమ్‌ని కదిపి పేజ్‌మేకర్‌ని ముట్టుకోకపోతే ఇదే కారణం. ఫోల్డర్‌లోంచి ఫొటో లాగి పేజ్‌మేకర్‌లో వదిలితే పడకపోవడానికి కూడా ఇదే. పవర్‌టాయ్స్ సెట్టింగుల్లో జనరల్‌లోకి వెళ్ళి దాన్నీ అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. పేజ్‌మేకర్ మామూలుగానే తెరుచుకుని సరిగ్గా పనిచేస్తుంటే మాత్రం ఆ అడ్మినిస్ట్రేటర్ టిక్కే తీసేయడం మేలు.

---

పాతయంత్రం:

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. మా దగ్గర ఒక సిస్టమ్‌లో ఇంకా విండోస్ 7 ఉంది. ప్రింటర్ డ్రైవర్ కోసం ఉంచాం, నెట్ లేదు. అందులో విండోస్ కీ+జెడ్ లేదు, మధ్య గీత లాగినా రెండోది కదలదు. దారేంటి?

---

ఆల్ట్‌బాణం:

విండోస్ 7లో ఎడమ సగం, కుడి సగం మాత్రమే ఉన్నాయి. పావులు విండోస్ 10తో వచ్చాయి. మధ్య గీత లాగితే రెండూ కదలడమూ 7లో లేదు. ఉన్నదాంట్లో బాగా పనికొచ్చేది టాస్క్‌బార్ రైట్ క్లిక్ మెనూ. ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే షో విండోస్ సైడ్ బై సైడ్ అని ఉంటుంది. మినిమైజ్ చేయని విండోలన్నిటినీ అది సమానంగా పంచేస్తుంది. కాబట్టి కావలసిన రెండూ తప్ప మిగతావి ముందే మినిమైజ్ చేయండి, లేకపోతే ఐదు విండోలు ఐదు చీలికలవుతాయి. నచ్చకపోతే వెంటనే అదే మెనూలో అన్‌డూ ఉంటుంది.

దీనికో లాభం ఉంది. అలా పంచిన విండోలు అతికించిన స్థితిలో ఉండవు, మామూలు స్థితిలోనే ఉంటాయి. అంటే పైన మేస్త్రి గారు చెప్పిన దాచిన కొలతే మారిపోతుంది. రీస్టోర్ కొట్టినా తెరంత అయ్యే విండోలకి ఇది ఒక్క క్లిక్కు మందు. తర్వాత ఒకదాని అంచు లాగి 1248 పిక్సెళ్ళు, రెండోదాని అంచు లాగి 672 చేసుకుంటే మీకూ 65–35 వచ్చేస్తుంది (1920 తెరకి లెక్క ఇది). విడివిడిగా లాగాలి, అంతే తేడా. విండోస్ 10లోనూ ఈ మెనూ ఉంది, 11లో తీసేశారు.

---

అక్షరాలషాపు:

అందరికీ థాంక్సండీ. పేజ్‌మేకర్ నిజంగానే అడ్మినిస్ట్రేటర్ టిక్కుతో ఉంది. తీసేశాక కూడా బాగానే తెరుచుకుంది, ఫొటోలు లాగితే పడుతున్నాయి కూడా. 65–35 కుదిరింది. ఒక్క చిన్న సందేహం: బ్రౌజర్‌లో పొరపాటున ఎఫ్‌11 తగిలితే టైటిల్ బారే పోతోంది, అప్పుడు లాగడానికి ఏమీ దొరకదు.

---

కిటికీమేస్త్రి:

అది మ్యాక్సిమైజ్ కాదు, ఫుల్ స్క్రీన్. టాస్క్‌బార్‌ని కూడా కప్పేస్తుంది, మూడు బటన్లూ ఉండవు. మళ్ళీ ఎఫ్‌11 కొట్టండి, ల్యాప్‌టాప్ కీబోర్డయితే ఎఫ్ఎన్+ఎఫ్‌11. ముందున్న స్థితికి వస్తుంది. అతికించిన జత వేరే విండోల వెనక పడిపోయి ఉంటే టాస్క్‌బార్‌లో పేజ్‌మేకర్ ఐకాన్ మీద మౌస్ ఆపండి. రెండు విండోలూ కలిసున్న గుంపు బొమ్మ కనబడుతుంది, దాన్ని నొక్కితే జత మొత్తం ఒక్కసారే పైకి వస్తుంది. ఆల్ట్+ట్యాబ్‌లో కూడా ఆ గుంపు చూపించాలంటే దాని టిక్కు మల్టీటాస్కింగ్‌లో, స్నాప్ విండోస్ కిందే ఉంది.